మా తమ్ముడి మెదడు ఆపరేషన్: సూర్యారావుపేట ఆసుపత్రిలో 11 రోజులు

మా తమ్ముడికి ఈ ఫిబ్రవరిలో విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ జరిగింది. జబ్బు పేరు కొల్లాయిడ్ సిస్ట్. మెదడు నడిమధ్యన థర్డ్ వెంట్రికల్ అని ఒక సన్నటి గది ఉంటుంది, అందులో వచ్చే గడ్డ. స్కాన్ రిపోర్టు చేతికొచ్చిన రాత్రి నేను ఫోన్‌లో తెలుగులో ఎంత వెతికినా పనికొచ్చేది ఒక్క పేజీ దొరకలేదు, ఉన్న కాస్తా భయపెట్టేదే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఆసుపత్రి పేరు, డాక్టర్ల పేర్లు పెట్టట్లేదు. మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి, గట్టిగా చెప్పాల్సిన లోపాలూ ఉన్నాయి. మా ఒక్క ఇంటి సంగతి చూసి ఎవరూ అక్కడికే పరిగెత్తకూడదు, అక్కడికి వెళ్లడం మానుకోనూకూడదు. ఎక్కడికి వెళ్లినా ఏం చూసుకోవాలి, ఏం అడగాలి అన్నది తెలిస్తే చాలు.

తమ్ముడికి 36 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరుగుతూ, వంగి కాయ చేతిలోకి తీసుకుని, తాలు ఎంతుందో చూసి, కాటా దగ్గర చిట్టా రాసుకోవడం వాడి పని. పోయిన జూలై నుంచి వంగి లేచినప్పుడల్లా తలనొప్పి అంటున్నాడు. ఉన్నట్టుండి తల పగిలిపోతున్నట్టు వచ్చేదట, కాసేపు వెల్లకిలా పడుకుంటే ఎవరో చేత్తో తీసేసినట్టు పోయేదట. కొన్నాళ్లకి పొద్దున లేవగానే వాంతులు. మిర్చి ఘాటు, ఎండ, వేళకి తిండి లేకపోవడం, ఇవే కారణాలనుకున్నాం. యార్డులో పనిచేసే ఎవర్ని అడిగినా అదే చెప్పారు మరి.

గుంటూరులోనే ఒక క్లినిక్‌లో ఆరు నెలల్లో నాలుగుసార్లు చూపించాం. మైగ్రేన్ అన్నారు, తర్వాత సైనస్ అన్నారు, బిళ్లలు మార్చారు. నాలుగోసారి మా మరదలు "స్కాన్ ఏమైనా తీయించమంటారా సార్" అని అడిగితే "ప్రతి తలనొప్పికీ స్కానింగ్ దేనికమ్మా" అని పంపించేశారు. ప్రతి తలనొప్పికీ అక్కర్లేదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ నొప్పి ఎప్పుడొస్తోంది, వంగితే వస్తోందా, పడుకుంటే తగ్గుతోందా అని ఆ నాలుగుసార్లలో ఒక్కసారైనా అడగలేదు. అడిగుంటే సంక్రాంతి లోపే తెలిసేది. ఈ బాధ నాకు ఇంకా పోలేదు.

జనవరి ఆఖర్లో కొత్త కాయ బాగా వస్తున్న రోజుల్లో, కాటా దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడిపోయాడు. స్పృహ తప్పలేదు, ఫిట్స్ రాలేదు. "కాళ్లు నావి కానట్టు అయిపోయాయక్కా, కింద పడ్డాక కూడా అందరి మాటలూ వినపడుతూనే ఉన్నాయి" అన్నాడు. హమాలీలు లేపి నీడన కూర్చోబెట్టి సోడా తాగించారు, పది నిమిషాల్లో లేచి మళ్లీ చిట్టా రాశాడు. నీరసం అనుకున్నాం. ఉన్నట్టుండి మోకాళ్లు వదిలేసి పడిపోవడం ఈ చోట వచ్చే గడ్డలకి పేరుపడ్డ లక్షణమని మాకు తర్వాత విజయవాడ డాక్టర్ చెప్పారు. మీ ఇంట్లో ఎవరికైనా తలనొప్పితో పాటు ఇలా జరిగితే సోడా తాగించి ఊరుకోకండి.

అసలు జబ్బుని పట్టుకున్నది కంటి డాక్టర్. చిట్టాలో అంకెలు మసగ్గా ఉన్నాయని అద్దాల కోసం వెళ్లాడు. ఆమె చుక్కలు వేసి, లైటు పెట్టి కంటి లోపల చూసి, చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "రెండు కళ్ల వెనక నరాలూ వాచి ఉన్నాయి, తలలో ఒత్తిడి పెరిగితే ఇలా వాస్తాయి. అద్దాల సంగతి తర్వాత, ఈ రోజే సీటీ స్కాన్ తీయించు, బండి మాత్రం నువ్వు నడపకు" అన్నారట. ఆవిడకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

సీటీలో మెదడు సరిగ్గా మధ్యలో తెల్లగా, గుండ్రంగా, ముత్యంలా ఒక చుక్క. 14 మిల్లీమీటర్లు. దాని పక్కన రెండు వైపులా నల్లగా ఉబ్బిపోయిన గదులు. రిపోర్టులో హైడ్రోకెఫలస్ అని రాశారు, అంటే మెదడులో నీరు చేరడం.

ఆ సాయంత్రమే గుంటూరులో ఒక న్యూరోసర్జన్ గారికి చూపించాం. ఆయన మర్యాదగా, ఓపిగ్గా చూశారు. పుర్రె ఎముక కొంత తీసి, మెదడు రెండు అర్ధభాగాల మధ్య నుంచి వెళ్లి, మైక్రోస్కోపుతో చూస్తూ తీయాలన్నారు. మా ఆయన స్నేహితుడు ఒకరు విజయవాడలో ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, చేస్తారని చెప్పడంతో ఫిల్ములు పట్టుకుని అదే రాత్రి బయల్దేరాం. వారధి దాటుతుంటే తమ్ముడు కారు వెనక సీట్లో మరదలి ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్నాడు, అది నిద్రో మగతో తెలియక ఆ పిల్ల మాటిమాటికీ తట్టి లేపుతోంది.

ఇక అసలు రివ్యూ. ఈ ఆసుపత్రికి నేను నిండుగా మార్కులు వేసేది సర్జన్ గారు మాకు విషయం చెప్పిన తీరుకి. ముప్పావుగంట కూర్చోబెట్టి చెప్పారు. మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ వేశారు. మెదడులో రోజుకి దాదాపు అర లీటరు నీరు ఊరుతుందట, తలలోనూ వెన్నులోనూ కలిపి ఒక సమయంలో ఉండేది మాత్రం 150 మిల్లీలీటర్లే, అంటే రోజుకి మూడుసార్లకి పైగా పాత నీరు పోయి కొత్త నీరు చేరుతుంది. పైన కుడి ఎడమల రెండు పెద్ద గదులు, వాటి నుంచి రెండు చిన్న రంధ్రాల గుండా నీరు మధ్య గదిలోకి, అక్కడి నుంచి సన్నటి గొట్టం గుండా కింద నాలుగో గదిలోకి దిగుతుంది. "బందరు కాలవ లాకుల దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుతుందమ్మా? పైన నీళ్లు ఎగదన్నుతాయి. మీ తమ్ముడికి జరిగింది అదే. గడ్డ చిన్నదే, అది కూర్చున్న చోటే చెడ్డది" అన్నారు. కొల్లాయిడ్ సిస్ట్ దాదాపు ఎప్పుడూ ఆ మధ్య గది పైకప్పున, సరిగ్గా ఆ రెండు రంధ్రాల దగ్గరే ఉంటుందట. తల వంచినప్పుడు నొప్పి ఎందుకొచ్చేదో, పడుకుంటే ఎందుకు తగ్గేదో నాకు అప్పుడర్థమైంది.

ఇది క్యాన్సర్ కాదు. మెదడులో వచ్చే గడ్డలన్నిటిలో ఇవి నూటికి ఒకటో రెండో ఉంటాయట, ఎక్కువగా 20 నుంచి 50 ఏళ్ల మధ్య వాళ్లలో బయటపడతాయి. పుట్టుక ముందే మెదడు తయారవుతున్నప్పుడు మిగిలిపోయిన కణాల నుంచి పుట్టి, లోపల జిగురు నింపుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతాయి. క్యాన్సర్ కాదు కదా, మంచి ముహూర్తం చూసుకుని చేయిద్దాం అని మా బాబాయి అన్నారు. అప్పుడు సర్జన్ గారు గొంతు మార్చారు. రెండు రంధ్రాలూ ఒకేసారి పూర్తిగా మూసుకుపోతే కొన్ని గంటల్లో మనిషి కోమాలోకి పోవచ్చు, ప్రాణం పోవచ్చు, ఈ జబ్బు ఉన్నట్టుండి మరణాలకు కారణమవుతుందని వందేళ్ల నుంచి డాక్టర్లకి తెలుసు, నీరు ఇంత చేరి, కంటి నరాలు వాచిన మనిషిని ఇంటికి పంపను అన్నారు. బాబాయి ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రే అడ్మిట్ చేశాం.

మాకు తెలిసినవాళ్లు ఫోన్లో రకరకాలుగా చెప్పారు. వెన్నులో సూది వేసి నీరు తీయించేస్తే తలలో ఒత్తిడి తగ్గుతుంది కదా అన్నారు ఒకరు. అది అడగగానే సర్జన్ గారు చెయ్యి అడ్డంగా ఊపారు. పైన దారి మూసుకుని ఉండగా కింద నీరు లాగితే, పై ఒత్తిడికి మెదడు కిందికి జారుతుంది, అది ప్రాణాంతకం. ఇంకొకరు ఆపరేషన్ వద్దు, నీరు కడుపులోకి పోయేలా ట్యూబు వేయిస్తే చాలన్నారు. దానికాయన, ఆ ట్యూబు (షంట్ అంటారు) వేస్తే నీరు పోతుంది కానీ గడ్డ అక్కడే ఉంటుంది, పైగా రెండు రంధ్రాలూ మూసుకుంటే రెండు వైపులా ట్యూబులు కావాల్సి రావచ్చు, అవి తర్వాతెప్పుడైనా మూసుకుపోవచ్చు, చీము పట్టొచ్చు అన్నారు. సూదితో లోపలి జిగురు మాత్రం లాగేస్తే పై పొర మిగిలి మళ్లీ నిండుతుందట. ఆ జిగురు ఒక్కోసారి సూదిలోకి కూడా రానంత గట్టిగా ఉంటుందట. చిన్నది, ఏ బాధా లేకుండా వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడ్డది అయితే ఎంఆర్ఐలు తీస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చని, అది మా కేసు కాదని కూడా చెప్పారు.

మైక్రోస్కోపా, ఎండోస్కోపా? ఇది నేను నేరుగా అడిగాను. గుంటూరులో చూసినాయన చెప్పింది తప్పని ఈయన ఒక్క మాట అనలేదు. మైక్రోస్కోపుతో చేస్తే పొరతో సహా మొత్తం తీసేసే అవకాశం ఎక్కువ, మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. ఎండోస్కోపుతో అయితే నుదుటి పైన జుట్టులో ఒక చిన్న రంధ్రం సరిపోతుంది, తొందరగా కోలుకుంటారు, కానీ పైకప్పుకి అతుక్కున్న పొర చిన్న ముక్క ఒక్కోసారి వదిలేయాల్సి వస్తుంది, అందుకని ఏళ్ల తరబడి ఎంఆర్ఐతో చూసుకోవాలి. మీ తమ్ముడి గదులు బాగా ఉబ్బి ఉన్నాయి కాబట్టి ఎండోస్కోపు తిరగడానికి చోటుంది, రక్తం కారి కనపడకపోయినా, పొర మరీ అతుక్కున్నా అప్పటికప్పుడు ఓపెన్ చేస్తాను, దానికీ మీరు ఇప్పుడే ఒప్పుకోవాలి అన్నారు. నాకు ఈ చివరి మాట బాగా నచ్చింది. రెండూ చేతనైనవాళ్లే ఆ మాట అనగలరు. మీరు వెళ్లిన చోట కూడా ఇది అడగండి: ఎండోస్కోపుతో కాకపోతే అదే టేబుల్ మీద ఓపెన్ చేస్తారా, ఇవి ఇంతకుముందు ఎన్ని చేశారు, ముక్క మిగిలితే ఏం చేస్తారు.

జ్ఞాపకశక్తి సంగతి ఆయనే ఎత్తారు, మేం అడగలేదు. ఆ రెండు రంధ్రాల అంచున ఫోర్నిక్స్ అనే సన్నటి తీగలు రెండు ఉంటాయి, కొత్త విషయాలు మనసులో నిలవాలంటే అవి బాగుండాలి. ఆపరేషన్‌లో వాటికి ఒరుసుకున్నా కొన్నాళ్లు మతిమరుపు రావచ్చు, దెబ్బ తగిలితే అలాగే మిగలొచ్చు. తమ్ముడు మొహం చూసి "లెక్కలు రాసే పని కదయ్యా నీది, అందుకే ముందే చెబుతున్నా" అన్నారు. వాడు తలూపాడు. మా మరదలు బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చింది, "వదినా, నన్ను గుర్తుపట్టడా" అని. పాతవి పోవు, కొత్తవి నిలవడం కష్టమవుతుంది అని డాక్టర్ చెప్పింది నేను మళ్లీ నిదానంగా చెప్పాల్సి వచ్చింది.

ఇంత బాగా చెప్పిన ఆసుపత్రిలోనే ఒప్పుకోలు పత్రం మాత్రం ఏడు పేజీలు ఇంగ్లీషులో ఉంది. రాత్రి తొమ్మిదింటికి తెచ్చి సంతకాలు పెట్టమన్నారు. మరదలు ఇంటర్ వరకు తెలుగు మీడియం. తెలుగులో కావాలంటే లేదన్నారు. నేను సంతకం పెట్టనివ్వలేదు, గొడవ కాకుండానే గట్టిగా అడిగితే ఒక జూనియర్ డాక్టరమ్మ వచ్చి లైను లైను చదివి తెలుగులో చెప్పింది, పాపం ఆ అమ్మాయి డ్యూటీ అయిపోయినా కూర్చుంది. విజయవాడ నడిబొడ్డున, తెలుగువాళ్లకి వైద్యం చేసే చోట ఆ కాగితం తెలుగులో లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ రాశాను.

రెండు రోజులు వాపు తగ్గే ఇంజెక్షన్లు, ఎంఆర్ఐ, మత్తు డాక్టరు పరీక్షలు. మూడో రోజు పొద్దున ఏడున్నరకి లోపలికి తీసుకెళ్లారు. తల మొత్తం గొరగలేదు, కుడివైపు నుదుటి పైన అరచేయంత మేర తీశారు, అంతే. ఏ దారిన వెళ్లాలో చూపించే నావిగేషన్ మిషన్ ఉందని ముందే చెప్పారు.

బయట హాల్లో ఆరు కుర్చీలు. లోపల ముగ్గురికి ఆపరేషన్లు, బయట మేం ఇరవై మందిమి. అక్కడ కూర్చున్న గంటల్లో నాకు ఈ థర్డ్ వెంట్రికల్ చుట్టూ ఎన్ని రకాల జబ్బులున్నాయో తెలిసింది. రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి, కొడుక్కి పదమూడేళ్లు. వాడికి గడ్డ ఆ గది వెనక కొసన, పీనియల్ గ్రంథి దగ్గర. పిల్లాడు పైకి చూడలేకపోతున్నాడని మొదట గమనించింది ట్యూషన్ మాస్టారట. వాడికి ఎండోస్కోపుతో ఆ మధ్య గది అడుగున చిన్న కన్నం పెట్టి నీటికి కొత్త దారి చేసి, అదే దారిలో గడ్డ ముక్క తీసి పరీక్షకి పంపుతారట. ఆ చోట వచ్చే జెర్మినోమా అనే రకం అయితే రేడియేషన్‌కి బాగా లొంగుతుందని, అందుకే ముందు ముక్క పరీక్ష అని ఆ తండ్రి నాకు వివరంగా చెప్పాడు. చదువుకున్నవాడు కాదు, కానీ కొడుకు జబ్బు గురించి ప్రతి మాటా నేర్చుకున్నాడు. నూజివీడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి బద్దెపురుగు తిత్తి. ఆ పురుగు గుడ్లు తిండిలోనో నీళ్లలోనో కడుపులోకి పోతే తలలోకి చేరి నీటి గదుల్లో బుడగలా తేలుతుందట. ఆవిడకి కూడా అడ్డుపడ్డది నీటి దారే. ఒకే చిన్న గది, ముగ్గురికి మూడు వేరు వేరు జబ్బులు, ముగ్గురి ఇళ్లలోనూ ఒకటే భయం.

కొల్లాయిడ్ సిస్ట్‌ని మొదటిసారి విజయవంతంగా తీసింది అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్, 1921లో. సీటీ లేదు, ఎంఆర్ఐ లేదు, మైక్రోస్కోపు లేదు. ఆ హాల్లో కూర్చుని ఫోన్లో అది చదువుతుంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఎందుకొచ్చిందో చెప్పలేను.

పదకొండున్నరకి సర్జన్ గారు బయటికొచ్చారు. ఎండోస్కోపుతోనే అయిపోయింది, లోపల చిక్కటి ఆకుపచ్చ రంగు జిగురు, అది పీల్చేసి పొర కూడా తీశాం, పైకప్పున రక్తనాళానికి అతుక్కున్న చోట గోరుకొన కంటే చిన్న ముక్క కాల్చి వదిలేశాం, లాగితే రక్తస్రావం అవుతుంది అన్నారు. వీడియో చూపించారు. నేను చూశాను, మరదలు చూడలేదు.

ఐసీయూ సిస్టర్ల గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. తలలో నుంచి ఒక సన్నటి గొట్టం బయటికి, దాని చివర గీతలున్న చిన్న సీసా, కింద సంచి. నీరు అందులోకి బొట్టు బొట్టుగా పడుతుంటుంది. ఆ సీసా ఏ ఎత్తులో వేలాడాలన్నది చాలా ముఖ్యం, కొలత చెవి రంధ్రం దగ్గర నుంచి తీస్తారు, ఎందుకంటే లోపల ఆ గది దాదాపు అదే ఎత్తులో ఉంటుంది. సీసా కిందికి దిగితే నీరు ఒక్కసారిగా ఎక్కువ పోతుంది, పైకి పోతే అసలు రాదు. పగలు డ్యూటీలో ఉన్న మలయాళీ సిస్టర్ వచ్చీరాని తెలుగులో నాకు ఇదంతా చెప్పి, స్టాండు మీద తెల్ల టేపు అంటించి పెన్నుతో గీత గీసింది. "అమ్మా, మంచం పైకి లేపితే ముందు గొట్టానికున్న ఈ పిడి తిప్పి మూసేయాలి, మళ్లీ కొలిచి తెరవాలి, ఎవరైనా మర్చిపోతే నువ్వు అరిచి చెప్పు" అంది.

రెండో రోజు రాత్రి సరిగ్గా అదే జరిగింది. పది నిమిషాలు లోపలికి వెళ్లనిచ్చారు, నేను చూస్తుండగానే కొత్త వార్డుబాయ్ ఒకతను తమ్ముడు దగ్గుతున్నాడని గొట్టం మూయకుండా మంచం తలవైపు లేపాడు. బొట్టు బొట్టుగా పడేది ధారలా పడింది. నేను అరిచాను. రాత్రి సిస్టర్ పరిగెత్తుకొచ్చి మూసి, కొలిచి, సీసా ఎత్తు సరిచేసి, డ్యూటీ డాక్టర్ని పిలిచింది. ఏమీ కాలేదు, తర్వాత తలనొప్పి కూడా రాలేదు. ఆ అబ్బాయిని తిట్టడం నా ఉద్దేశం కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. ఐసీయూలోకి కొత్తవాళ్లని పంపేముందు ఇంత ముఖ్యమైన సంగతి నేర్పించకపోవడం ఆసుపత్రి తప్పు. పొద్దున రౌండ్లలో సర్జన్ గారికి చెప్తే దాచిపెట్టే ప్రయత్నం చేయలేదు, మా ముందే ఇన్‌చార్జిని పిలిచి మాట్లాడారు, మధ్యాహ్నానికి ఆ మంచాలన్నిటికీ పెద్ద అక్షరాలతో తెలుగులో చీటీలు అంటించారు.

నాలుగో రోజు గొట్టం తీసేశారు. ముందు ఒక రోజంతా మూసి ఉంచి, తలనొప్పి, మగత ఏమైనా వస్తాయేమో చూసి, మళ్లీ సీటీ తీశాకే.

మతిమరుపు వచ్చింది. ముందే చెప్పారు కాబట్టి తట్టుకోగలిగాం కానీ కళ్లారా చూస్తే వేరుగా ఉంటుంది. "ఎప్పుడొచ్చావక్కా" అని పొద్దుట్నుంచి ఐదుసార్లు. ఇడ్లీ తిన్న చేయి ఇంకా తడిగానే ఉంది, "టిఫిన్ పెట్టలేదేం" అంటాడు. 2019లో ఏ రైతుకి ఎంత బాకీ ఉందో చెప్పగలడు, అరగంట కింద ఏ డాక్టరు వచ్చాడో చెప్పలేడు. నేను ప్రైమరీ స్కూల్లో పంతులమ్మను, ఊరికే కూర్చోలేక రోజూ మూడు మాటలు చెప్పి, పది నిమిషాలాగి అడిగేదాన్ని. కాటా, గోనె, చింతపండు. మొదటి రోజు ఒక్కటీ రాలేదు, అసలు నేను ఏమైనా చెప్పినట్టే గుర్తులేదు. రెండో రోజు "కాటా" అన్నాడు, అదీ రోజూ చూసేది కాబట్టి ఊహించి చెప్పాడేమో అని నాకు అనుమానం. డిశ్చార్జి రోజుకి రెండు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి గోడ మీద తేదీ, వారం, ఊరు పేరు పెద్దగా రాసి పెట్టమంది, ఒక చిన్న పుస్తకంలో జరిగినవన్నీ వాడి చేతే రాయించమంది. చిట్టా రాసే చేయి కదా, ఆ పుస్తకం ఇష్టంగా రాశాడు. మార్చి ఆఖరుకి మూడు మాటలూ గంట తర్వాత అడిగినా చెప్పేవాడు. ఆసుపత్రిలో జరిగిన రోజులు మాత్రం వాడికి ఇప్పటికీ ఖాళీనే.

బిల్లు సంగతి. మొత్తం 3 లక్షల 40 వేలు అయింది, ప్రైవేటు పాలసీ ఉంది, క్యాష్‌లెస్. గ్లవ్స్, డ్రేపులు, ఇంకా ఏవేవో పాలసీ కింద రావంటూ 46 వేలు మా చేత కట్టించుకున్నారు. అందులో వాడని రెండు ఇంజెక్షన్లు ఉన్నాయి, మందుల చీటీలు ఒక్కొక్కటే పక్కన పెట్టి చూపిస్తే తీసేశారు. చీటీలు పారేయకండి. డిశ్చార్జి అని పొద్దున పదింటికి చెప్పి బయటికి పంపేసరికి సాయంత్రం ఆరున్నర. ఇన్సూరెన్సువాళ్ల నుంచి రాలేదంటారు, వాళ్లని అడిగితే ఆసుపత్రి కాగితాలే మూడింటికి పంపిందంటారు. ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన నియమం ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితాలు అందిన మూడు గంటల్లోపు ఇన్సూరెన్సు కంపెనీ తేల్చేయాలి, ఆలస్యానికి ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలి. ఇది నాకు ఆ రోజు తెలిసుంటే బిల్లింగు కౌంటర్లో ఇంకోలా మాట్లాడేదాన్ని. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ కింద అంతస్తులో ఉంది, నూజివీడు పెద్దావిడకి దాని మీదే జరిగింది, ఆమె కొడుకు మాకంటే ముందే ఇంటికి వెళ్లాడు.

తోడున్నవాళ్లకి సౌకర్యాలు బాగోలేవు. ఇరవై మందికి ఒకటే బాత్రూం, రాత్రిళ్లు మెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాం. సూర్యారావుపేట సందుల్లో కారు పెట్టుకునే చోటు దొరకదు, బస్టాండు నుంచి ఆటోలో వెళ్లడమే నయం. భోజనానికి మాత్రం ఇబ్బంది లేదు, పక్క సందులో మెస్సులో పప్పు, పచ్చడి, పెరుగు వేడివేడిగా ఉంటాయి, ఆసుపత్రి అని చెబితే కారం తగ్గించి క్యారియర్ కట్టి ఇస్తారు.

బయాప్సీ (తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు కొల్లాయిడ్ సిస్ట్ అనే వచ్చింది, మరే చెడూ లేదు. మే నెల ఎంఆర్ఐలో గదులు మామూలు సైజుకి వచ్చాయి, వదిలేసిన చోట ఏమీ పెరగలేదు. కంటి నరాల వాపు పోయిందని ఆ కంటి డాక్టరమ్మే చూసి చెప్పారు. ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్రలు ఆపేశారు, బండికి మాత్రం ఇంకా అనుమతి లేదు. వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచాక పనిలోకి వెళ్తున్నాడు, బరువులు ఎత్తడు, చిట్టా తనే రాస్తాడు, సాయంత్రం యజమాని ఒకసారి కూడి చూస్తారు. పోయిన వారం వరకు ఒక్క తప్పూ రాలేదని మరదలు ఫోన్ చేసి చెప్పింది. వచ్చే ఎంఆర్ఐ ఫిబ్రవరిలో. రిపోర్టు రాగానే ఇక్కడే కింద రాస్తాను. మీలో ఎవరికైనా ఇదే జబ్బు అయి, ఓపెన్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లుంటే జ్ఞాపకశక్తి ఎన్నాళ్లకి కుదుటపడిందో దయచేసి చెప్పండి, రేపల్లె పిల్లాడి తండ్రి కూడా నన్ను అడుగుతున్నాడు.